ఉత్తుత్తి సూది, అసలు మాత్ర

సెమాగ్లూటైడ్ మాత్రను లిరాగ్లూటైడ్ సూదిమందుతో పోటీపెట్టిన పయనీర్-4 పరీక్ష ఫలితాలు 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. షుగర్ మందుల పరీక్షల్లో ఇంత పొందికగా కుదిరినవి అరుదు.

ముందు మాత్ర పనితనం చూడాలి. సెమాగ్లూటైడ్ 31 అమైనో ఆమ్లాల గొలుసు. మామూలుగా మింగితే, తిన్న పప్పులాగే కడుపులో అరిగిపోతుంది. అందుకే 300 మిల్లీగ్రాముల స్నాక్ అనే పదార్థాన్ని జతచేశారు. మాత్ర కరిగేచోట అది ఆమ్ల తీవ్రతను తగ్గించి, పొట్ట గోడ గుండా మందును రక్తంలోకి చేరుస్తుంది. అప్పటికీ రక్తానికి అందేది ఒక శాతం లోపే. పరగడుపున అరగ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట ఆగాలి. తొందరపడి కాఫీ తాగితే ఆ కాస్తా తగ్గుతుంది.

ఇక పరీక్ష. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతున్నా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే కొలత) 7 నుంచి 9.5 శాతం మధ్య ఉన్న 711 మందిని తీసుకున్నారు. సూది పొడుచుకునే మనిషికి తనది గట్టి మందన్న నమ్మకం కలిగితే తిండీ నడకా కూడా మారిపోవచ్చు. దానికి విరుగుడుగా ప్రతి ఒక్కరికీ రోజూ మాత్రా సూదీ రెండూ ఇచ్చారు. ఒక జట్టుకు మాత్ర అసలుది, సూది ఉత్తుత్తిది. రెండో జట్టుకు తారుమారు. మూడో జట్టుకు రెండూ ఉత్తుత్తివే. అందులో 142 మందే ఉన్నారు, మిగతా రెండింటిలో దాదాపు రెట్టింపు. మందు లేని జట్టును చిన్నదిగా ఉంచడం, షుగర్ హద్దు దాటితే అదనపు మందు ఇచ్చే ఏర్పాటు చేయడం నాకెంతో నచ్చాయి.

ఆ అదనపు మందు ఫలితాన్ని కలగాపులగం చేయదా? అందుకే రెండు లెక్కలు ముందే రాసుకున్నారు. మందు మధ్యలో మానేసినవారినీ, అదనపు మందు వాడినవారినీ కలుపుకుని ఒకటి. అందరూ ఇచ్చిన మందే చివరిదాకా వాడి ఉంటే ఏమయ్యేదన్నది రెండోది. 26 వారాలకు మొదటి లెక్కన హెచ్‌బీఏ1సీ మాత్రతో 1.2, సూదితో 1.1, ఉత్తుత్తి మందుతో 0.2 పాయింట్లు తగ్గింది. రెండో లెక్కలో మాత్రది పైచేయి అయింది. అయినా షుగర్ విషయంలో ప్రధాన నిర్ధారణను మొదటి లెక్కమీదే నిలిపి, సూదికి మాత్ర తీసిపోదన్న మాట దగ్గరే ఆగారు. పరీక్ష జరిపిందీ, రెండు మందులనూ రూపొందించిందీ నోవో నార్డిస్క్ సంస్థే కాబట్టి ఈ నిగ్రహానికి విలువ మరీ ఎక్కువ.

బరువు మాత్రతో 4.4 కిలోలు, సూదితో 3.1 కిలోలు తగ్గింది. దుష్ఫలితాలు తట్టుకోలేక మందు మానేసినవారు మాత్ర జట్టులో 11 శాతం, సూది జట్టులో 9 శాతం. ఆ అంకెలనూ నివేదికలో చెప్పారు.