అంతర్యుద్ధమునందుఁ బరబలము: స్పెయినును గూర్చిన రెండు గ్రంథముల విమర్శ

రాజనీతిశాస్త్రము షాడ్గుణ్యమునందు సంశ్రయము నొక గుణముగాఁ బరిగణించినది. తన బలము చాలనివాఁడు పరుని బలము నాశ్రయించుట దాని స్వరూపము. ఆ బలమునకు వెల కలదు. అంతర్యుద్ధమునం దావెలఁ జెల్లించునది ప్రజ. ఇది చరిత్రకారుని విషయము. సాహిత్యవిమర్శకునకు వేఱొక ప్రశ్న ముఖ్యము: అట్టి యుద్ధమున నొక పక్షమును బ్రేమించిన రచయిత, ఆ పక్షమునకు వచ్చిన పరబలమును గూర్చి నిజము వ్రాయఁగలఁడా?

భారతకవి యీ పరీక్షలో నిలిచినాఁడు. పాండవులకై బయలుదేఱిన శల్యుని దుర్యోధనుఁ డాతిథ్యముచే వశపఱచుకొనెనని చెప్పి యూరకుండక, ఆ శల్యునిచేతనే కర్ణుని తేజోవధము చేయింపఁ గోరినవాఁడు ధర్మరాజని కూడఁ జెప్పెను. స్వపక్షదోషమును మఱుఁగుపఱుపకుండుటయే యిట్టి కావ్యమునకుఁ బ్రామాణ్యము. స్పెయిను అంతర్యుద్ధమును (1936–1939) గూర్చి 1938లో వెలువడిన రెండు గ్రంథముల నీ యొరగంటిపైఁ బెట్టి చూడవచ్చును. మొదటిది ఫ్రెంచి నవలాకారుఁడు జార్జి బెర్నానోసు వ్రాసినది. దాని పేరున కర్థము "చంద్రునిక్రింది మహాశ్మశానములు". రెండవది బీహారులోని మోతిహారిలో 1903లో జన్మించిన ఆంగ్లరచయిత జార్జి ఆర్వెలు వ్రాసిన "కాటలోనియాకు నివాళి".

గ్రంథవిమర్శకుఁ బూర్వము కథాసంగ్రహ మావశ్యకము. 1936 జూలై 17, 18 తేదీలలోఁ గొందఱు సేనానులు రిపబ్లికు ప్రభుత్వముపైఁ దిరుగఁబడిరి. ఫ్రాంకో వారిలో నొకఁడు మాత్రమే. నాయకుఁడుగా నెంచఁబడిన సాన్‌హుర్హో జూలై 20న విమానప్రమాదమున మరణించెను. ఫ్రాంకో చేతిలోని సేన మొరాకోలో నుండెను. నౌకాబలములో నధికభాగము ప్రభుత్వపక్షమున నిలిచినందున నది సముద్రము దాఁటలేకపోయెను. హిట్లరు, ముస్సోలిని పంపిన విమానములు దానిని దాఁటించెను. ఆ సాహాయ్యము తన చేతిమీఁదుగా వచ్చుటచే ఫ్రాంకో తక్కిన సేనానులకంటె మిన్న యయ్యెను. అక్టోబరు 1న బుర్గోసు నగరమున రాజ్యాధినేతగాఁ బ్రకటింపఁబడెను. నవంబరు 18న జర్మనీ, ఇటలీ యతని ప్రభుత్వమును గుర్తించెను. ఏలికకు సాహాయ్యము వచ్చెననుటకంటె సాహాయ్య మేలికను దీర్చెననుట సత్యమునకు సమీపము. రెండవవంక రిపబ్లికునకు సోవియెట్టు ఆయుధములు వచ్చెను. సుమారు 510 టన్నుల బంగారము స్పెయినునుండి మాస్కో చేరెను. జోక్యము కూడదని యొడంబడిన 27 దేశములలో నీ మూఁడును జేరియే యుండెను!

బెర్నానోసు రాజభక్తుఁడు, కాథలిక్కు. 1934 మొదలు 1937 వఱకు మయోర్కా ద్వీపమున నివసించెను. తిరుగుబాటును మొదట నాదరించెను. అతని కుమారుఁడు ఫలాంగె దళమునఁ జేరెను. అట్టివాఁడు, తన మతము పేర నిరాయుధులను జంపుటయు, రోస్సి ప్రభువను మాఱుపేరుతో వచ్చిన ఇటలీవాఁ డాహింసకుఁ దోడుపడుటయుఁ జూచి సహింపలేక గ్రంథమునకుఁ గడంగెను. స్పెయిను బిషప్పులలోఁ బెక్కండ్రు 1937 జూలై 1వ తేదీ లేఖతో ఫ్రాంకోపక్షమును సమర్థించిన పిమ్మట నీగ్రంథము వెలువడుట గమనింపఁదగును. దోషములు లేకపోలేదు. ఆగ్రహము పలుచోట్ల క్రమమును మ్రింగినది. ఫ్రాన్సు రాజకీయములు ప్రస్తుతమును దాఁటి పెరిగినవి. యూదద్వేషియగు ద్రుమోనును గురువుగా నెంచినవాని చూపున నా దోషపుజాడయుఁ గలదు.

ఆర్వెలు 1936 డిసెంబరున స్పెయిను చేరి, పోమ్ అను వామపక్షమువారి దళములో ఆరగాన్ రణరంగమునఁ బోరాడెను. 1937 మే నెలలో బార్సెలోనా వీథులలో రిపబ్లికు పక్షమువారే తమలోఁ దాము పోరుట చూచెను. అదే నెలలో గొంతున గుండు దెబ్బ తినెను. జూనున పోమ్ నిషేధింపఁబడఁగాఁ బ్రాణములు దక్కించుకొని ఫ్రాన్సుకు వెడలెను. ఆయుధము లిచ్చినవారి మాట రిపబ్లికునం దెట్లు శాసనమయ్యెనో యీగ్రంథము చెప్పునంత స్పష్టముగా నాకాలమున వేఱొకటి చెప్పుట యరుదు. తన చూపు పక్షపాతదూషితము కావచ్చునని పాఠకుని హెచ్చరించుట దీని సుగుణము. న్యూనత యేదనఁగా, 1936 నవంబరున మాడ్రిడ్ నిలుచుటకు సోవియెట్టు ట్యాంకులు, విమానములు నెంతయుఁ దోడ్పడిన సంగతికి దీనియందుఁ దగిన గౌరవము లేదు. 1943లోఁ బ్రకటితమైన "స్పెయిను యుద్ధసింహావలోకనము" అను వ్యాసమున, జయాపజయములు స్పెయినునందుఁ గాక యైరోపా రాజధానులలో నిర్ణయింపఁబడెనని యతఁడే యంగీకరించి యాలోపమును గొంత పూరించెను.

ఈ గ్రంథములలో నొకదానినే చదువువాఁడు మోసపోవును. బెర్నానోసును మాత్రమే చదివినవాఁడు రిపబ్లికుపక్షము నిర్దుష్టమని తలఁచును. ఆర్వెలును మాత్రమే చదివినవాఁడు సోవియెట్టు సాహాయ్యమే సర్వానర్థమూలమని తలఁచును. రెండును గలిసినప్పుడే చిత్రము పూర్ణమగును. బెర్నానోసు చూచిన మయోర్కాయే ఇటలీ విమానములకు స్థావర మయ్యెను; ఆర్వెలు ప్రేమించిన బార్సెలోనాపై 1938 మార్చి 16 మొదలు 18 వఱకు బాంబులు గురిసిన విమానము లచటినుండియే వచ్చెను. సుమారు వేయిమంది మరణించిరి. ఒక గ్రంథముయొక్క నేల రెండవదాని నాకాశమునుండి కాల్చినది!

ఇట్టి పఠనమునకు మార్గము చూపినది సిమోను వేయి. 1936లో స్వల్పకాల మరాజకవాదుల దళమునఁ జేరిన యామె, బెర్నానోసు గ్రంథమును జదివి యతనికి లేఖ వ్రాసెను. ఎదుటిపక్షము నాదరించిన యా రాజభక్తుఁడు తన సహయోధులకంటెఁ దనకు సన్నిహితుఁడుగాఁ దోఁచెనని యందలి భావము. పక్షములు రెండైనను సత్యవక్తల కులమొక్కటియే.

ఆ యిరువురకు నాఁడు తెలియరాని దొకటి కలదు. యుద్ధము 1939 ఏప్రిలు 1న ముగిసెను. సాహాయ్య మొసఁగిన హిట్లరు, ముస్సోలిని 1945లో నశించిరి. దానిని బొందిన ఫ్రాంకో 1975 నవంబరు 20న మరణించువఱకు నేలెను. ఊఁత యిచ్చిన చేతులు పోయినను నెత్తఁబడిన సింహాసనము ముప్పదియేండ్లు నిలిచెను. పరబలముయొక్క వెల యుద్ధముతోఁ దీఱదని దీనివలనఁ దేలుచున్నది. ఆ వెల నింకను లెక్కింపకముందే, తమవారికి వెఱవక దాని స్వరూపమును జెప్పుటచే నీగ్రంథములు రెండును దోషములతోఁ గూడియుఁ బఠనీయములు.