చదరంగపు బల్ల నుండి టెలివిజను తెరకు

ఒక భాష మాటలాడువారు వేఱొక భాషాప్రాంతమునకు వచ్చి స్థిరపడునపుడు తమ వెంట కొన్ని వస్తువులను, కొన్ని అలవాటులను తెచ్చుకొందురు. వానిలో ఆటలును గలవు. వైకుంఠపాళి పటము, వామనగుంటల పీట, పచ్చీసు గవ్వలు మన పెట్టెలలో వచ్చినవి. పులిజూదమునకు పెట్టెయైనను అక్కఱలేదు. నేలపై గీతలు గీచిన చాలును. ఆ ఆటనే తమిళులు ‘ఆడుపులి ఆట్టం’ అనియు, కన్నడిగులు ‘ఆడు హులి ఆట’ అనియు పిలుతురు. 3 పులులు, 15 మేకలు. పేరు మాఱినను ఆట మాఱలేదు. కనుక ఒక ఆట తానున్న చోటు విడిచి మఱొక చోటికి పోయినపుడు దానిలో ఏది నిలుచును, ఏది జాఱిపోవును అను ప్రశ్న మనకు క్రొత్తది గాదు. గత శతాబ్దపు తుది దశకములలో అమెరికాయందును జపానునందును బల్లమీది ఆటలు వీడియో ఆటల యంత్రములలో ప్రవేశించిన తీరును ఈ ప్రశ్నతోడనే ఇచట పరిశీలింపదలచితిమి.

ఇంటి టెలివిజనునకు తగిలించి ఆడుకొను యంత్రములలో మొదటిది 1972లో అమెరికాలో మాగ్నవాక్సు సంస్థ విక్రయించిన ఒడిస్సీ. దానికి మూలపురుషుడు రాల్ఫ్ బేర్. ఆ యంత్రమునకు తెరపై కొన్ని తెల్లని చుక్కలను, ఒక గీతను చూపుటకంటె నెక్కువ శక్తి లేదు. ధ్వని లేదు, రంగు లేదు, గెలుపోటముల లెక్క లేదు. కావున పెట్టెలో పాచికలు, కాగితపు నోట్లు, చీట్లు, బిళ్ళలు ఉంచిరి; తెరపై అంటించుటకు రంగులు వేసిన పలుచని ప్లాస్టికు పటముల నిచ్చిరి. ఇప్పటివారు దీనిని అరకొఱ యంత్రమని నవ్వవచ్చును. మాకు మాత్రము దానిలో ఒక మేలు కనబడుచున్నది. యంత్రము చేయలేనిదెల్ల మనుష్యులే చేయవలసివచ్చెను. లెక్క వారే వ్రాసికొనిరి. తగవు వారే తీర్చుకొనిరి. యంత్రము బల్లకు బదులుగా వచ్చినదే గాని, ఆడువారికి బదులుగా రాలేదు.

అయిదేండ్ల పిమ్మట, 1977లో, అటారీ సంస్థ తన యంత్రమును విడుదల చేసెను. తరువాత 2600 అను సంఖ్యతో ప్రసిద్ధి కెక్కినది ఇదియే. దీనికై బాబ్ వైట్‌హెడ్, లారీ వాగ్నర్ అనువారు సిద్ధపఱచిన చదరంగము 1979లో వెలువడెను. దానిని గూర్చి కొంత విస్తరించి చెప్పుట అవసరము; ఏలయన ఆటను యంత్రమున కెక్కించుటలోని ఘనతయు, లోపమును ఆ ఒక్కదానిలోనే చక్కగా కనబడును.

ఆ యంత్రమునకు గల జ్ఞాపకస్థానము 128 బైట్లు మాత్రమే. 64 గడుల బల్లను గుర్తుంచుకొని, రాబోవు ఎత్తులను ఊహించు పనియంతయు అంతటి ఇఱుకుచోటనే జరుగవలెను. ఆటయొక్క సూత్రములన్నియు 4 కిలోబైట్ల కాట్రిడ్జిలో ఇమిడినవి. అంతకంటె పెద్ద చిక్కు బొమ్మలది. బంతియాటలకును, తుపాకి యాటలకును ఉద్దేశించిన ఆ యంత్రము ఒక వరుసలో రెండు బొమ్మలనే గీయగలదు. ఒక్కొక్కదానిని ముమ్మాఱు గీయించినను ఆఱే యగును. చదరంగమున వరుసకు ఎనిమిది పావులు! వైట్‌హెడ్ దీనికొక ఉపాయము కనుగొనెను. తెరపై ఒక గీతలో నాలుగు పావులను, దాని క్రింది గీతలో తక్కిన నాలుగింటిని గీయించెను. అందుచేత ఆ పావులు వెదురుతడిక సందులనుండి చూచినట్లు చారలు చారలుగా కనబడును. అయినను ఏది రాజో, ఏది గుఱ్ఱమో తెలియకపోదు. లేమిలోనుండి ఇట్టి నేర్పు పుట్టుటను మేము మనసార మెచ్చుకొందుము.

ఆ చదరంగమున మఱొక విశేషము గలదు. తెరమీది బొమ్మను గీతవెంబడి గీతగా గీయుటతోనే ఆ యంత్రమునకు పొద్దు చాలదు. కావున అది ఎత్తు ఆలోచించునపుడు బల్లను చూపుట మానివేయును. తెరపై రంగులు మాత్రము మాఱుచుండును. పై మెట్టులలో ఆ ఆలోచన గంటల తరబడి సాగును. చదరంగమాడువారికి ఎదుటివాడు ఆలోచించుచుండు సమయమే రసవంతమైనది గదా. వాని చేయి గుఱ్ఱము మీదికి పోయి వెనుకకు వచ్చుటను, వాని కనుబొమలు ముడుచుకొనుటను చూచుచు మనము మన ఎత్తును సిద్ధము చేసికొందుము. ఇచట ఆ సమయముననే బల్ల మాయమగును, ఎదుటి ముఖము మొదటినుండియు లేనేలేదు. ఇద్దఱు మనుష్యులు ఆడుకొను ఏర్పాటే ఆ కాట్రిడ్జిలో లేదు. ఇరువురి ఆట ఒంటరి అభ్యాసమైపోయెను. నియమములు నిలిచినవి; కూటమి పోయినది.

జపానులో కథ మఱొక విధముగ నడిచెను. నింటెండో సంస్థ 1983లో ఫామికామ్ యంత్రమును విడుదల చేసి, ఆ సంవత్సరమే అయిదు రాళ్ళను వరుసగా పేర్చు గొమొకు ఆటను, మాజాంగ్ ఆటను దానికి తెచ్చెను. గొమొకులో దాపరికము లేదు. రాళ్ళన్నియు ఇద్దఱికిని కనబడునట్లే యుండును. కనుక తెరకెక్కుటలో అది నష్టపడలేదు. మాజాంగ్ అట్టిది కాదు. అది నలుగురు చుట్టును కూర్చుండి, ఎవరి బిళ్ళలను వారు దాచుకొని ఆడునది. ఇంటిలోని తెర ఒక్కటే. అందఱును చూచు తెరపై ఎవరి బిళ్ళలు ఎవరికి దాగును? ఆ కాట్రిడ్జిలో ఆట, ఒక మనిషికిని యంత్రమునకును నడుమ నడచు ద్వంద్వమైనది. నాలుగు పీటలలో మూడు ఖాళీ యయ్యెను.

జపానువారి చదరంగమైన షోగిలో 81 గడులు, 40 పావులు. చంపిన పావును చంపినవాడు తన పక్షమున మరల దింపవచ్చును. అందుచేత ఎత్తుల లెక్క మిక్కిలి పెరుగును. 1995లో సూపర్ ఫామికామ్ యంత్రమునకై వచ్చిన ‘హయాజాషి నిదాన్ మోరితా షోగి 2’ అను కాట్రిడ్జిలో ఈ ఆలోచనకొఱకే 32 బిట్ల ప్రాసెసరు నొకదానిని అమర్చిరి. ఆ యంత్రముయొక్క సొంత ప్రాసెసరు 16 బిట్లది. ఇంటికి వచ్చిన చుట్టము ఇంటియజమానికంటె బలవంతుడయ్యెనన్న మాట! అంతటి శ్రమయు దేనికి? ఎదుట కూర్చుండవలసిన మనిషి లేని లోటును పూరించుటకే.

ఇక మొనాపలీ సంగతి. ఇది 1991లో నింటెండోవారి యంత్రమునకు అమెరికాలో వచ్చెను. ఇండ్లు, స్థలములు కొని అద్దె వసూలు చేయు ఆ ఆటలో బ్యాంకు లెక్కయంతయు యంత్రమే చూచుకొనును. తప్పు జరుగదు, మోసము జరుగదు, ఇది లాభమే. కాని ఆ ఆటకు ప్రాణము బేరమునందున్నది. ఆ స్థలము నాకిమ్మని బ్రతిమాలుట, ఇయ్యనని బిగిసికొనుట, అలుగుట, రాజీపడుట. ఇవి పాచికలలో లేవు, నోట్లలో లేవు. తెరపై పట్టికనుండి ఒక మాటను ఎన్నుకొని మీటను నొక్కుట బేరము కాజాలదు. పైగా చిల్లర లెక్కించుటలో పిల్లలకు అబ్బెడి కూడికలు, తీసివేతలు యంత్రము పాలాయెను.

యంత్రమును బల్లను కలిపి కూర్చినవారును లేకపోలేదు. 1981లో ఒడిస్సీ 2 యంత్రమునకై వచ్చిన ‘క్వెస్ట్ ఫర్ ది రింగ్స్’ అను ఆటలో కాట్రిడ్జితోబాటు ఒక పటమును, బిళ్ళలను ఇచ్చిరి. ఉంగరములను దాచి పరీక్షపెట్టువాడు ఒకడు. జతగా వెదకువారు ఇద్దఱు. పోరు తెరపైని, ప్రయాణము బల్లపైని జరుగును. తెరమీది బొమ్మలు నేటి కంటికి మోటుగానే తోచును. అయినను, ఇంతవఱకు చెప్పినవానిలో చదరంగము నేర్పునకు మొదటిదైనచో, ఔచిత్యమునకు ఇదియే మొదటిదని మా యభిప్రాయము. యంత్రమునకు చేతనైనది యంత్రమునకును, మనుష్యునకు తగినది మనుష్యునకును దీనిలో పంచిపెట్టిరి.

ఒంటరివాని మాటయేమి అని కొంద ఱడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. వీధియంతటికిని ఒక్క తెలుగిల్లు గల ఊళ్ళలో పెరిగినవారికి, తోడులేని బాల్యమన నెట్టిదో ఒకరు చెప్పనక్కఱలేదు. చదరంగము నేర్వగోరియు ఎదుట కూర్చుండువారు లేని పిల్లవానికి అటారీ కాట్రిడ్జి గొప్ప ఉపకారమే చేసినది. మేము దానిని తూలనాడుట లేదు. అది గురువు కావచ్చును, అభ్యాసమునకు తోడు కావచ్చును. ఎదుటి పీటకు సమానము కాజాలదనియే చెప్పుచున్నాము.

ఆటయనగా నియమములును, పావులును మాత్రమే యైనచో ఈ కాట్రిడ్జులలో అధికభాగము విజయము పొందినవనియే చెప్పవలెను. పొరుగువారి నేలమీదను మన పులిజూదము ఇన్నాళ్ళు బ్రతికినది గీతల బలమున గాదు. గీతలకు ఇరువైపుల ఇద్దఱు కూర్చుండుటవలన. మన భాషకు సైతము ఇదే వర్తించునని మాకు తోచుచున్నది. నేడు మన పిల్లలకు తెలుగు అక్షరములు, పాటలు, కథలు అన్నియు తెరమీద దొరకుచున్నవి, సంతోషమే. కాని వారు ఒక మాట యన్నపుడు ఎదుటినుండి మాఱుమాట పలుకు తాతయో, మేనత్తయో ఇంట నుండవలెను. ఈ సంచికను చదివి ముగించినవారు ఈ సాయంకాలము పిల్లలను పిలిచి, నేలపై పులిజూదపు గీతలు గీచి, మేకలు వారికిచ్చి, పులులను తాము తీసికొని తెలుగులో ఆడుదురుగాక! ఓడినను నష్టము లేదు.