యంత్రశ్రుతి: పిర్సిగ్ గ్రంథముపై కొన్ని మాటలు

పాతకాలపు స్పోర్ట్సు కారు నింట నుంచుకొని, దాని యంత్రమును వర్కుషాపున కప్పగింపక తామే సవరించుకొనువారు మా కోయంబత్తూరు వంటి ఊళ్లలో ఇప్పటికిని కొందరు కలరు. ఆదివారము తెల్లవారగనే బానెట్టు ఎత్తి, చేతులకు నల్లని జిడ్డు పూసికొని, పదిగంటలు దాటినగాని ఫలాహారమునకు రారు. అందేమి సుఖమున్నదని ఇంటివారడిగినపుడు, వారిలో చదువరులైనవారు చూపు గ్రంథమొకటి గలదు. అది రాబర్ట్ పిర్సిగ్ అను అమెరికా రచయిత 1974లో ప్రకటించిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్ సైకిల్ మెయింటెనెన్స్'. మాకును దానిని ఇట్టి మిత్రుడే చేతికిచ్చెను. మూడు పర్యాయములు చదివితిమి. ప్రబంధములను, కీర్తనలను గూర్చిన వ్యాసములకు నెలవైన సంచికలో మోటారు పుస్తకమునకు చోటేల యని శంకించువారు కొంత ఓర్పు వహింతురుగాక. యంత్రమునకును శ్రుతి కలదు.

గ్రంథములోని కథ స్వల్పము. పిర్సిగ్ 1968లో చేసిన ప్రయాణమే దాని కాధారము. ఒక తండ్రి తన మోటారు సైకిలుపై, పదునొకండేండ్ల కుమారుడు క్రిస్ వెనుక కూర్చుండగా, మినెసోటా నుండి పడమటి సముద్రతీరమునకు పోవును. కొంతదూరము జాన్, సిల్వియా యను దంపతులు తోడు వత్తురు. జాన్‌కు బి.ఎం.డబ్ల్యు. వాహనము కలదు. దానిని నడుపుట యందెంత ప్రీతియో, దాని లోపలిభాగములను ముట్టుటకు అతని కంత ఏవగింపు. దాని హ్యాండిల్ బారు వదులై జారుచుండగా, ఖాళీ బీరు డబ్బా రేకును కత్తిరించి పట్టులో దూర్చిన సరిపోవునని కథకుడు చెప్పును. ఆ రేకు మెత్తనిది, పలుచనిది, తుప్పు పట్టనిది. ఆ పనికి అంతకంటె తగినది లేదు. జాన్‌కు మాత్రము తన ఘనమైన జర్మను వాహనమునకు బీరు డబ్బా ముక్కను వైద్యముగా జెప్పుట అవమానముగా దోచును. పుస్తకమంతటికిని ఈ ఘట్టము తలమానికము. వస్తువును దాని పేరునుబట్టి చూచువాడొకడు, గుణమునుబట్టి చూచువాడొకడు. ఇరువురును మర్యాదస్థులే, స్నేహితులే. ఐనను ఒకరి మాట యొకరికి చేరదు. తరువాతి పుటలలో 'క్వాలిటీ' యను శబ్దముపై గ్రంథకర్త చేసిన తర్కమంతయు ఈ రేకుముక్కకు వ్యాఖ్యానమే యని మా యభిప్రాయము. మూలముకంటె వ్యాఖ్య దీర్ఘమగుట మన పండితులకు కొత్త కాదు.

కథకుడు అంతకుముందొకప్పుడు తన వాహనమును మరమ్మతున కిచ్చి చెరుపుకొనిన సంగతియు నందు గలదు. రేడియో మ్రోగించుకొనుచు, పరధ్యానముగా పనిముట్లాడించిన ఆ పనివారు భాగములను పాడుచేసిరే గాని దోషమును కనుగొనలేదు. నూనె ప్రసరించు మార్గమున విరిగిన చిన్న పిన్నొకటి దానికి కారణమని పిదప తేలెను. ఇది చదివి మేము నవ్వుకొంటిమి. మేమును ఒకమారు మా కారును ఒక వర్కుషాపున కిచ్చితిమి. రెండు కార్బ్యురేటర్లను చెరియొక విధముగా బిగించి, బిల్లు మాత్రము తప్పులేకుండ వ్రాసి పంపిరి. నాటినుండి మాకు స్వహస్తమే శరణ్యమైనది.

ఇంతవరకు గ్రంథకర్తతో మాకు పేచీ లేదు. ఆ పనిలోని తృప్తి యెక్కడనుండి వచ్చునను ప్రశ్నవద్ద దారులు చీలుచున్నవి. పిర్సిగ్ మతమున యంత్రమనగా ఉక్కులో మలచిన భావముల కూర్పు. దానిని సవరించుట యనగా ముందు తన మనస్సును నిశ్చలపరచుకొనుట. ఆ శాంతి యున్న పని తానే సరియగునని ఆయన నమ్మిక. మా యనుభవము వేరు. దానిని చెప్పుటకు కొంచెము బానెట్టు ఎత్తక తప్పదు.

మా కారు ఎం.జి.బి. ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారమున 1962 నుండి 1980 వరకు తయారైన జాతి. యంత్రము 1798 సి.సి.; నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు, ప్రక్కప్రక్కన రెండు ఎస్.యు. కార్బ్యురేటర్లు. మొదట వాల్వుల ఎడము చూడవలెను. యంత్రము చల్లగా నుండగా అంగుళములో వెయ్యింట పదునైదు వంతులు. ఏ వాల్వు పూర్తిగా తెరచుకొనియున్నదో దాని సంఖ్యను తొమ్మిదినుండి తీసివేయగా మిగిలిన సంఖ్యగల వాల్వును సరిచేయవలెను. ఒకటవది తెరచియున్న ఎనిమిదవది, మూడవది తెరచియున్న ఆరవది. ఈ సూత్రమును మాకు నేర్పిన వృద్ధ మెకానిక్కు తొమ్మిదవ ఎక్కమును బడిలో నేర్చినవాడు కాడు, ఈ యంత్రము వద్దనే నేర్చినవాడు. పిమ్మట పాయింట్లు, ప్లగ్గులు. కార్బ్యురేటర్లు కడపట రావలెను. మొదటనే వానిపై చేయి వేయువాడు ఒక తప్పును మరియొక తప్పుతో కప్పిపుచ్చును. కొన్నాళ్లకు రెండును బయటపడును.

ఎస్.యు. యనగా స్కిన్నర్ యూనియన్. స్కిన్నర్ సోదరుల కుటుంబ వ్యాపారము పాదరక్షలు. వారి తొలి కార్బ్యురేటరులో తోలుతిత్తి యుండెడిది. మన కమ్మరి కొలిమితిత్తికి అది దూరపు చుట్టము. తరువాత తిత్తి పోయి పిస్టను వచ్చినది. యంత్రము గాలిని పీల్చుకొలది ఆ పిస్టను పైకి లేచును. దాని అడుగున బిగించిన, కొనకు పోయినకొలది సన్నబడు సూది, జెట్టు రంధ్రములోనుండి పైకి వచ్చును. గాలి యెంతయో పెట్రోలంత. ఆ రెండింటికి నడుమ లెక్క చెప్పునది ఆ సూదియే.

ఇక శ్రుతి. ఎయిర్ ఫిల్టర్లను విప్పి, రెండు కార్బ్యురేటర్లను కలుపు కడ్డీ బిగింపులను వదలించి, సన్నని రబ్బరు గొట్టమొకటి తీసికొని, ఒక కొనను చెవియొద్ద, రెండవ కొనను కార్బ్యురేటరు నోటియొద్ద నుంచి వినవలెను. పాము బుసవంటి ధ్వని వినవచ్చును. ముందుదాని బుసయు వెనుకదాని బుసయు ఒక్కటి కావలెను. తంబురా తీగెలను సవరించినవారి కీ స్థితి తెలియును. రెండు నాదములు దగ్గరగుచు, దగ్గరగుచు, తటాలున భేదము మాయమగును. పిదప పిస్టనును అంగుళములో ముప్పదిరెండవ వంతు మాత్రము ఎత్తి చూడవలెను. యంత్రవేగము పెరిగి అట్లే నిలిచినచో పెట్రోలెక్కువ, కుంటుపడినచో తక్కువ, రవంత పెరిగి వెంటనే కుదుటపడినచో సరి. అడుగున నున్న ఆరుపలకల నట్టును ఒక్కొక్క పలక చొప్పున త్రిప్పుచు పోవలెను.

ఇందు మా మనశ్శాంతితో యంత్రమునకు పనిలేదు. కోపముతో నున్ననాడు నట్టును సరిగా త్రిప్పినను అది సరి యనును. ప్రశాంతచిత్తముతో తప్పు త్రిప్పితిమా, తప్పనియే చెప్పును. మనకు వెలుపలనున్న దొకటి మనకు నిజము బదులు చెప్పుటలోనే యున్నది ఆ తృప్తి. వేగము పెరుగుట దాని ముందు చిన్నమాట. మేట్టుపాళయము దాటి కూనూరు మీదుగా ఉదకమండలమున కెక్కునపుడు, 2,200 మీటర్లకు పైబడిన ఆ యెత్తున గాలి పలుచబడి, పెట్రోలెక్కువై, ప్లగ్గులు నల్లబడును. ఎత్తైన ప్రదేశమున ప్లగ్గు నల్లబడుటను గూర్చి పిర్సిగ్ చేసిన తర్కము బహు చక్కనిది. మేము నీలగిరులలో ఆ పుటలనే తలచుకొంటిమి. నేటి పెట్రోలులో ఎథనాలు ఇరువది పాళ్లు కలిసినందున క్రింద నున్నపుడు కథ తలక్రిందు. మిశ్రమము పలుచబడును, నట్టును ఒక పలక దించవలసి వచ్చును. పాత రబ్బరు గొట్టములకు ఆ ద్రవము చేయు హాని వేరుగా వ్రాయదగినది.

తానే చేసికొనుటను మెచ్చు వాడుక మా ఊరికి పాతది. తమిళదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబమున 1893లో జన్మించిన జి.డి. నాయుడుగారు మోటారు సైకిలును విప్పి కూర్చి యంత్రవిద్య నేర్చిరి. 1920లో పొళ్లాచి, పళని నడుమ తమ బస్సును తామే నడిపిరి. ఆ కథ మనవారందరికి కంఠస్థము. అంతగా చెప్పుకొననిది తరువాతి భాగము. ఎవరివద్దను నేర్వని ఆయనయే 1945లో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్కు స్థాపనకు పూనుకొని, ఇతరులకు నేర్పుటకు సిద్ధపడిరి. పిర్సిగ్ కథకునికి లోపించినదిదియే.

ఈ దోషమును గ్రంథమే, కథకునికి తెలియకుండ, చూపుచున్నది. యంత్రపు సవ్వడిలో సన్నని మార్పును సైతము పసిగట్టు ఆ తండ్రికి వెనుక కూర్చున్న బాలుని మాట వినబడదు. క్రిస్ కడుపునొప్పి యనును, ఏడ్చును, అలుగును. తండ్రి తత్త్వవిచారమున మునిగియుండును. పనిముట్లు తీసినపుడు ఒక్క స్పానరైనను అందుకొమ్మని పిలువడు. గ్రంథాంతమున ఇద్దరును శిరస్త్రాణములు తీసివేసి, మొదటిసారి మాటలాడుకొనుచు పోవుదురు. బాలుడు పాదములానించు కడ్డీలపై నిలువబడి తండ్రి భుజముమీదుగా దారిని చూచును. అంతవరకు వానికి కనబడినది తండ్రి వీపు మాత్రమే. వేయి మైళ్లకు పైబడిన తత్త్వమునకు ఈ యొక్క మాటయే ఖండనము. దానిని గ్రంథకర్త దాచక వ్రాసెను గనుకనే ఈ పుస్తకము గొప్పది. దీనిని మెచ్చుకొనువారు తరచు 'క్వాలిటీ'ని గూర్చి చెప్పి, ఆ వీపును గూర్చి చెప్పరు.

ఆ పుటవద్ద మేము పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిమి. మా కుమారుడు పదేండ్ల వయస్సున ఆ రబ్బరు గొట్టమును పట్టుకొని వినెడివాడు. "నాయనా, వెనకది గట్టిగా బుస్సుమంటోంది" అని ఒకనాడు చెప్పగా, నీకేమి తెలియునని గొట్టమును వాని చేతినుండి లాగుకొంటిమి. విని చూడగా వాడు చెప్పినదే నిజము. ఆ మాట వానితో చెప్పలేదు. వాడు మరల కారుకొట్టమునకు రాలేదు.

ఇప్పుడు మా కుడిచెవికి సన్నని ధ్వనులు అందుటలేదు. ఎడమచెవితో విని, గొట్టము మార్చి, మరల వినునప్పటికి మొదటిది మరపునకు వచ్చుచున్నది. గడచిన సంక్రాంతికి వాడు పుణెనుండి వచ్చినపుడు, మూడవనాటి ఉదయమున కొట్టము తలుపు తెరచి గొట్టమును వానికిచ్చితిమి. వంగి, ముందుదాని నొకసారి, వెనుకదాని నొకసారి వినెను.

"వెనకదే, నాయనా. ఇంకా కొంచెం."

స్క్రూను పావు చుట్టు త్రిప్పితిమి. మరల వినుమంటిమి. మేము గొట్టమును అడుగలేదు.