శూన్యము చేయు సాయము

పాదము మోపినంతమాత్రమున టన్ను బరువుగల కారు నిలుచుట నేటి వాహనచోదకునకు ఎంత సహజమైపోయినదనగా, ఆ బలమంతయు తన కాలిదే యని యతడు నిస్సంశయముగా నమ్ముచున్నాడు. యథార్థమునకు అందు అధికభాగము వాయుమండలమునది. బ్రేకు పెడలునకు ఎదురుగా, ఇంజను గదిలో, రెండు మూకుళ్లను అంచులు కలిపి మూసినట్లు గుండ్రని నల్లని రేకుడబ్బా యొకటి కలదు; దానినే బ్రేకు బూస్టరందురు. దాని కడుపున డయాఫ్రమను రబ్బరు పొర యుండును. ఇంజను గాలిని పీల్చుకొనునప్పు డేర్పడు శూన్యము ఒక గొట్టము ద్వారా వచ్చి ఆ పొరకు ఇరువైపుల నిండియుండును. పెడలు నొక్కిన క్షణమున లోపలి వాల్వు కదలి మనవైపు అరలోనికి మాత్రము బయటి గాలిని వదలును. ఒకవైపు గాలి, రెండవవైపు శూన్యము, ఆ రెంటి వ్యత్యాసమే పొరను ముందునకు నెట్టి, బ్రేకు ద్రవమును చక్రములవైపు త్రోయు మాస్టరు సిలిండరునకు బలము చేకూర్చును. 9 అంగుళముల వ్యాసముగల బూస్టరులో ఆ పొర వైశాల్యము సుమారు 400 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై మూడింట రెండువంతుల కిలో వ్యత్యాసము లభించినను మొత్తము 250 కిలోలకు పైబడిన త్రోపు సిద్ధించును. ఏ మానవుని కాలును అంతటి బలమును దినమెల్ల, కూడలి కూడలికి, ఈయజాలదు.

ఈ యుపాయమును బెల్జియము దేశపు ఇంజనీరు ఆల్బర్ట్ డివాండ్రే 1927లో రూపొందించెను. అయినను సామాన్యుని కారునకు దాని యావశ్యకత డిస్కు బ్రేకులతో బలపడినది. పాత డ్రమ్ము బ్రేకులలో, తిరుగుచున్న డ్రమ్మే ఒక షూను తనవైపు లాగికొని పట్టును బిగించును. డిస్కు బ్రేకునకు ఆ స్వయంసహాయము లేదు, నొక్కినంతయే పట్టును. వేడిమిని త్వరగా విడుచుట, వానలో తడిసినను వెంటనే కోలుకొనుట డిస్కు గుణములు. ఆ గుణములకై మనము చెల్లించు మూల్యము బూస్టరుపై ఆధారపడుట.

మన రైళ్లలో చిరకాలము వాడుకలో నుండిన వాక్యూము బ్రేకును ఇచ్చట తలచుకొనుట యుచితము. అందు శూన్యమే బ్రేకులను విడిపించి యుంచెడిది. ప్రయాణికుడు గొలుసు లాగినను, గొట్టము తెగినను లోనికి గాలి చొరబడి బండి తనంతట తానే నిలిచెడిది. కారులో పద్ధతి విపరీతము: శూన్యము పోయిననాడు బండి నిలువదు, దానిని నిలుపుటకు దొరకు సాయము పోవును. బ్రేకు పూర్తిగా పోదు. పెడలునకును మాస్టరు సిలిండరునకును నడుమనున్న కడ్డీ సంబంధము యథాతథముగనే యుండును. కాని నిన్నటివరకు మునివేళ్లతో నొక్కిన పెడలును నేడు తొడబలమంతయు నుపయోగించి త్రొక్కవలసి వచ్చును. ఈ సంగతి ముందుగా నెరుగనివాడు, పెడలు బిగిసి తగిలిన క్షణమున, బ్రేకు పోయినదని భ్రమించి కాలు తీసివేయును. ఆ తీసివేతయే ప్రమాదము.

విజయవాడ ఆటోనగరులో ఒక వృద్ధ మెకానిక్కు పనిచేయుచుండగా ప్రక్కన కూర్చుండి చూచుట నాకు చిరకాలపు టలవాటు. ఆయన స్పానరు పట్టుటకు ముందు సీటులో కూర్చుండును. హ్యాండు బ్రేకు వేసి, గేరును న్యూట్రలులో నుంచి, ఇంజను ఆపి, పెడలును నాలుగైదు మారులు త్రొక్కి నిలువయున్న శూన్యమును హరించును. పిమ్మట గట్టిపడిన పెడలుపై పాదమును ఒక్కతీరుగా నొత్తియుంచి ఇంజను స్టార్టు చేయును. అంతయు సవ్యముగా నున్నచో ఆ క్షణమున పెడలు పాదము క్రింద కొంచెము దిగును. ఆ స్వల్పమైన కదలికను కంటితో గాక పాదముతోనే గ్రహింపవలెను. ఈ పరీక్షను నా కారునకు నేనే చేసికొనుట యనేక సంవత్సరములుగా జరుగుచున్నను, పెడలు దిగినప్పుడు ఇప్పటికిని నాకొక సంతోషము కలుగుచునే యున్నది. కంటికి గానరాని వాయుమండలము మనకు పని చేసిపెట్టుచున్నదన్న సంగతిని ఇంత సూటిగా తెలుపు ననుభవము వేరొకటి నే నెరుగను.

తరువాత ఇంజనును ఒకటి రెండు నిమిషములు నడిపి ఆపి, పెడలును నడుమ నడుమ విరామమిచ్చి త్రొక్కినచో, అది మొదటిమారు లోతుగా దిగి, పిదప క్రమముగా పైపైననే ఆగవలెను. మొదటినుండియు ఒకే యెత్తున నిలిచినచో లోపల శూన్యము నిలువలేదన్నమాట. ఇంజను నడుచుచుండగా నొక్కిన పెడలును వదలకయే ఇంజను ఆపి, 30 సెకన్లు పట్టియుంచుట మరియొక పరీక్ష. పెడలు పాదమును పైకి నెట్టినచో శూన్యము కారిపోవుచున్నది. క్రిందికి జారినచో దోషము బూస్టరుది గాదు, మాస్టరు సిలిండరుదో, ద్రవము కారుచున్న గొట్టములదో. మెత్తగా లోనికి పోవు పెడలు బ్రేకు గొట్టములలో గాలి చేరినదని సూచించును.

“పెడల్ దిగలేదు కదండీ, అయితే ముందు పైపు చూద్దాం” అని ఆ వృద్ధుడు బండి యజమానులతో ననుట పలుమారులు విన్నాను. ఆ విద్య యంతయు ఈ మాటలోనే యున్నదని నా విశ్వాసము. ఏలయన పెడలు దిగకపోవుటకు బూస్టరే కారణము కానక్కరలేదు. ఇంజను వేడికి గొట్టము పగిలియుండవచ్చును, లేదా మెత్తబడి లోనికి ముడుచుకొనిపోయి యుండవచ్చును. గాలిని ఒకే దిక్కునకు పోనిచ్చు చిన్న వాల్వు చెడియుండవచ్చును. దానిని ఊడదీసి నోటితో ఊదినచో ఒకవైపునకు గాలి పోవలెను, రెండవవైపునకు పోరాదు. డీజిలు ఇంజనులో పెట్రోలు ఇంజనునందువలె చాలినంత శూన్యము పుట్టదు గనుక ప్రత్యేకముగా వాక్యూము పంపు నమర్తురు. ఆ పంపు అరిగినను లక్షణ మిదియే. గేజి తగిలించి చూచినచో, ఆరోగ్యవంతమైన పెట్రోలు ఇంజను సముద్రతీరమున ఐడిలింగులో సుమారు 450 నుండి 550 మిల్లీమీటర్ల పాదరసపు శూన్యమును చూపును; హైదరాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున నున్నది గనుక అచ్చట సూచి కొంత తగ్గినను దోషముగా నెంచరాదు.

పెడలు నొక్కిపట్టినంతసేపు కాళ్లవద్ద బుసమను శబ్దము ఆగకుండుట, దానితో ఇంజను ఐడిలింగు తడబడుట, ఈ రెండును కలిసినప్పుడు డయాఫ్రము చినిగినదని ధైర్యముగా ననుమానింపవచ్చును. వీటికన్న కపటమైన దోషము మరొకటి కలదు: నేలపై చుక్కయైనను పడకయే బ్రేకు ద్రవము తగ్గుచుండుట. మాస్టరు సిలిండరు వెనుక సీలుగుండ ద్రవము బూస్టరు కడుపులోనికి కారి రబ్బరును పాడుచేయును. సిలిండరును చక్కజేయక బూస్టరును మాత్రమే మార్చినచో క్రొత్తదియు పాతదాని దారినే పోవును. ఇవి యన్నియు చూడకయే బూస్టరు మార్చుమని చెప్పువానిని నేను పనివాడని యనజాలను. వందలతో తీరు పనికి వేలు వ్యయమగుట యొక నష్టము. వేలు వ్యయమైన పిమ్మటను పెడలు గట్టిగనే యుండుట అంతకుమించిన నష్టము.

కొండదారిని దిగునప్పుడు, అది తిరుమల కానిండు, అరకు కానిండు, పెట్రోలు మిగులునను ఆశతో ఇంజను ఆపి బండిని జారనిచ్చు నలవాటు ఇంకను కొందరికి కలదు. ఆగిన ఇంజను క్రొత్త శూన్యము నీయదు. బూస్టరులో నిలువయున్నది రెండు మూడు త్రొక్కులకే చెల్లిపోవును. ఆ పిమ్మట వచ్చు మలుపు వద్ద చోదకుని కాలే దిక్కు. దయచేసి ఇంజను నడుచుచుండగనే, తక్కువ గేరులో దిగుడు. ఎప్పుడైనను పెడలు హఠాత్తుగా బిగిసినచో కాలు తీయక బలమంతయు నుంచి ఒత్తిపట్టుడు. బండి నిలిచిన పిదప దానిని మరల నడుపక మెకానిక్కును పిలిపింపుడు. రేపు ఉదయము కారు తీయుటకు ముందు, ఆ మొదటి పరీక్ష యొక్కటి చేసి చూడుడు. అరనిమిషమునకు మించి పట్టదు.