జాడీలో సగం, పోపులో సగం

అత్తిలిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి షష్ఠి తీర్థం ముగిసి, సార్వా నూర్పులు అయిపోయి, దాళ్వా ఊడ్పులకు చేలు దమ్ము పడుతున్న రోజుల్లో బజారులోకి పండుమిరపకాయలు దిగుతాయి. సంక్రాంతి దాటి మాఘమాసమంతా దొరుకుతాయి. ఏడాదికి సరిపడా పండుమిరపకాయ పచ్చడి పెట్టుకోవడానికి అదే అదను. కొన్ని ఇళ్లలో దీన్నే కొరివికారం అంటారు.

మన నోటికి నప్పే కారం ఏదో తెలుసుకోవాలనుకునేవారు ఈ రోజుల్లో దుకాణాల్లో సీసాల వరసల ముందు నిలబడుతున్నారు. తక్కువ ఘాటు, మధ్యస్థం, మంట అని చీటీలు చూసి ఒకటి ఎంచుకుంటున్నారు. నచ్చకపోతే ఇంకో సీసా కొంటున్నారు. గోదావరి పల్లెల్లో వంటగది ఈ ప్రశ్నకు ఎప్పుడో ఇంతకంటే మంచి జవాబు కనిపెట్టింది. జాడీలో పెట్టేది సగం పచ్చడే. మిగిలిన సగం తినబోయే ముందు, తినేవాళ్ల నోటిని బట్టి పూర్తవుతుంది. ఒక్క జాడీలోంచే తాతగారికొక రుచి, మనవడికొక రుచి తీయవచ్చు.

మన కారానికీ సీసా కారానికీ తేడా అసలు పనిలోనే ఉంది. అమెరికాలోని లూసియానాలో, ఏవరీ దీవిలో, 1868 నుంచి తయారవుతున్న టబాస్కోనే తీసుకోండి. ఎర్రటి మిరపపండ్లను ఉప్పుతో నూరి, ఓక్ పీపాల్లో మూడేళ్ల దాకా ఊరబెట్టి, వెనిగర్ కలిపి, తొక్కలూ గింజలూ వడకట్టేస్తారు. అది చుక్కలుగా చిలకరించుకునేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక రెండు పంటల మాగాణిగా మారిన ఈ నేల మీద కంచంలో పెద్ద పీట అన్నానిది. ఇక్కడ కారం అన్నంలో కలుపుకొనేది. ముద్ద ముద్దకూ అంటుకోవాలి, చప్పటి అన్నానికి ఉప్పూ పులుపూ కూడా తానే మోయాలి. అందుకే మన పచ్చడిలో తొక్కా గింజా అలాగే ఉంటాయి, వెనిగర్ స్థానంలో చింతపండు కూర్చుంటుంది.

జాడీలోకి వెళ్లేది

కాయ నిగనిగలాడుతూ, గట్టిగా, తొడిమ పచ్చగా ఉండాలి. మెత్తబడిన కాయ ఒక్కటున్నా ఏరి పారేయాలి. తొడిమలు తీయకముందే కడగడం ముఖ్యం, లేకపోతే కాయ లోపలికి నీరు దిగుతుంది. కడిగినవాటిని తుడిచి, పొడిబట్ట మీద నీడన ఆరబెట్టి, తడి పూర్తిగా పోయాకే తొడిమలు తీయాలి.

కొలతలు ఇంటింటికీ కాస్త మారినా, కిలో కాయకు పావుకిలో ఉప్పు, పావుకిలో చింతపండు అన్నది నమ్మదగిన లెక్క. గళ్లుప్పు, పసుపు వేసి రోట్లో కచ్చాపచ్చాగా తొక్కాలి. గింజలూ ఈనెలూ తీసిన చింతపండును మధ్యలో ఉంచి, పైనా కిందా ఆ తొక్కు సర్ది, జాడీ మూతికి గుడ్డ వాసెన కట్టాలి. రెండు రోజులు గడిచేసరికి ఉప్పు కాయలోని నీటిని బయటికి లాగుతుంది, ఆ రసంలోనే చింతపండు నానుతుంది. బయటి నీటిచుక్క అవసరం లేకుండానే మూడోరోజు అంతా కలిపి మెత్తగా రుబ్బవచ్చు. కొత్త చింతపండైతే పచ్చడి ఎర్రగా నిలుస్తుంది, పాతదైతే నల్లబడుతుంది.

ఆ ఉప్పు చూసి భయపడి తగ్గించవద్దు. సూక్ష్మజీవులు బతకడానికి కావలసిన నీటిని వాటికి దక్కకుండా చేసేది ఆ ఉప్పే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం దానికి తోడు. ఈ రెండిటి బలంతోనే ఫ్రిజ్ లేని రోజుల్లో పచ్చడి ఏడాది పొడుగునా నిలిచింది. ఉప్పు తగ్గించుకోవాల్సినవారు జాడీలో కాదు, కంచంలో తగ్గించుకోవాలి.

జాడీలోంచి తీశాక

వారానికి సరిపడా చిన్న గిన్నెలోకి పొడిగరిటెతో తీసుకుంటారు. అసలు పనితనం ఇక్కడ మొదలవుతుంది. దోరగా వేయించి పొడి చేసిన మెంతులు సన్నటి చేదు ఇచ్చి పులుపు పదును తగ్గిస్తాయి. దంచిన వెల్లుల్లి ఘాటు పెంచుతుంది. వెల్లుల్లి తినని ఇళ్లలో ఆ లోటు ఇంగువ తీరుస్తుంది. పప్పునూనెలో ఆవాలు, ఎండుమిర్చి చిటపటలాడించి, పోపు చల్లారాక కలుపుతారు.

నూనె ఇక్కడ ఒట్టి అలంకారం కాదు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. నూనెతో కలిసిన మంట నాలుక మీద ఒకచోట గుచ్చకుండా ముద్దంతా పరుచుకుంటుంది. వేడన్నంలో పచ్చడితో పాటు నెయ్యి వేసుకోవడం, మంట ఎక్కువైతే మజ్జిగ తాగడం మన పెద్దలు అనుభవంతో తెలుసుకున్న రసాయనశాస్త్రం. మజ్జిగలోని కేసిన్ అనే మాంసకృత్తు క్యాప్సైసిన్‌ను పట్టి తీసుకుపోతుంది. మంచినీళ్లు ఆ పని చేయలేవు.

మీ నోటికి ఏది?

1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఔషధ శాస్త్రవేత్త కారాన్ని కొలవడానికి ఒక పద్ధతి చెప్పాడు. మిరప సారాన్ని చక్కెర నీటితో పలచన చేస్తూ పోయి, రుచి చూసేవారికి మంట తెలియనంత పలచబడేదాకా ఎన్ని రెట్లు పట్టిందో లెక్కించడమే ఆ పద్ధతి. అది మంటను మాత్రమే కొలుస్తుంది. రంగు, వాసన, పులుపుతో పొత్తు ఆ అంకెలో కనిపించవు. కాబట్టి అంకెతో కాకుండా అన్నంతో పరీక్షించండి.

వేలితో నాకి తీర్పు చెప్పకండి. ఒక ముద్ద వేడన్నంలో, ఒక ముద్ద పెరుగన్నంలో కలిపి చూడండి. రెండిటా తేడా ఎందుకొస్తుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం చూపించింది. క్యాప్సైసిన్‌నూ, చురుక్కుమనే వేడినీ పసిగట్టే గ్రాహకం ఒకటే. ఆ కృషికి ఆయనకు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పొగలు కక్కే అన్నంలో అదే పచ్చడి ఎక్కువ మండటం అందుకే.

మంట ఎక్కువనిపిస్తే వచ్చే ఏడాది కాయ మార్చండి. తేజ రకం మండిస్తుంది, గుంటూరు సన్నం దానికంటే నెమ్మది. కర్ణాటక బ్యాడగి, వరంగల్ చపాటా రకాలకు మంట కన్నా రంగు ఎక్కువ. కారమంతా గింజల్లోనే ఉందనుకుని వాటిని దులిపేస్తే పెద్ద ఫలితం ఉండదు. మంట ప్రధానంగా గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగంలో ఉంటుంది. ఈ ఏడాది పచ్చడినే తగ్గించుకోవాలంటే ఉడికించిన గోంగూరో, నిలవ చింతకాయ తొక్కో కలిపి నూరండి. పులుపు ఎక్కువైతే కాస్త బెల్లం, ఘాటు చాలకపోతే ఇంకో రెండు వెల్లుల్లి రెబ్బలు. దిబ్బరొట్టెలోకైతే నూనె ఎక్కువ వేయండి. కొల్లేటి చేపల పులుసులో ఎండుకారం బదులు ఈ పచ్చడి వేస్తే చింతపండు, ఉప్పు తగ్గించండి. ఒకసారికి ఒక్క మార్పే చేస్తే దేనివల్ల ఏం మారిందో నాలుకకు తెలుస్తుంది.

ఇంట్లో పెట్టుకునే తీరిక లేనివారు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. పెరవలి మండలం ఉసులుమర్రు లాంటి ఊళ్లు పచ్చళ్లకే పేరుపొందాయి. అయితే ఎక్కడ కొన్నా పోపు పెట్టని నిలవ పచ్చడే అడగండి. పోపుతో పూర్తయిన పచ్చడి తయారుచేసినవారి రుచిని మనకిస్తుంది. పోపు లేనిది మన రుచిని మనకు వదిలిపెడుతుంది. ఈ మాఘంలో కనీసం కిలో పండుమిరపకాయలు తెచ్చి, ఇంట్లో పిల్లల చేత కూడా ఒక గిన్నె పోపు పెట్టించండి. కొలతలు పుస్తకాల్లో దొరుకుతాయి, తమ నోటికి ఏది నప్పుతుందో తెలుసుకోవడం మాత్రం చేతులు పెట్టి చేస్తేనే వస్తుంది.