బాలింత కంచంలోంచి ఏం తీసేయాలి?

ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్ సందుల్లో తెలుగు వినాలంటే చెవులు రిక్కించక్కర్లేదు. సివిల్స్ కోచింగ్ పుణ్యమా అని టీ బండి దగ్గరా, జిరాక్స్ షాపులోనూ మన మాటే. ఈ వారం ఒక మందుల షాపు కౌంటర్ దగ్గర విన్న మాట మాత్రం నన్ను ఇంకా మండిస్తూనే ఉంది. మా పై అంతస్తులో అద్దెకున్న తెలుగమ్మాయికి రెండు నెలల కొడుకు. పొట్ట ఉబ్బి రాత్రంతా ఏడుస్తున్నాడని చుక్కల మందు అడిగింది. "తల్లిపాలు పడట్లేదు, కొన్నాళ్ళు ఆపి డబ్బాపాలు పట్టండి" అనేశాడు కౌంటర్ వెనక మనిషి. బిడ్డను చూడలేదు. బరువు పెరుగుతున్నాడా, విరేచనం ఎలా ఉంది అని ఒక్క ప్రశ్న వేయలేదు.

ఆ డబ్బాల్లో దాదాపు అన్నింటిలోనూ ఉండేది ఆవుపాల పొడి. పాలు పడట్లేదన్న బిడ్డకి తల్లిపాలు మాన్పించి ఆవుపాలు పట్టమనడం ఏం న్యాయం? ఇలాంటి అమ్మకాలకి పగ్గం వేయాలనే 1992లో చట్టం తెచ్చారు, 2003లో దాన్ని ఇంకా బిగించారు. రెండేళ్ళలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు ఇవ్వకూడదు, తల్లులకి ఉచితంగా డబ్బాలు పంచకూడదు. నోటిమాటగా జారే సలహాని మాత్రం ఏ చట్టం పట్టుకుంటుంది?

పాలు పడకపోవడంలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. మొదటిది పాలలోని చక్కెర, లాక్టోజ్. తల్లిపాలలో అది నూటికి ఏడు పాళ్ళు ఉంటుంది, ఆవుపాలలో కంటే ఎక్కువ. తల్లి ఏం తిన్నా ఏం మానినా ఆ పాళ్ళు మారవు. దాన్ని అరిగించే ఎంజైముతోనే పిల్లలు పుడతారు. పుట్టుకతో అది లేని బిడ్డలు అత్యంత అరుదు, వాళ్ళకి తొలి రోజుల నుంచే నీళ్ళ విరేచనాలు పట్టుకుంటాయి. పెద్దయ్యాక ఆ ఎంజైము తగ్గిపోవడం వేరే కథ. అది మన దక్షిణాదిలో ఎక్కువ, పంజాబ్ వైపు తక్కువ. విభజనప్పుడు పశ్చిమ పంజాబ్ నుంచి వచ్చిన శరణార్థుల కోసం వెలసిన పేట ఇది. ఇంటి యజమానురాలైన పంజాబీ పెద్దావిడ బాలింత మీద ప్రేమకొద్దీ పెద్ద గ్లాసుడు వేడిపాలు, నెయ్యి ఓడుతున్న పంజీరీ పట్టుకొస్తుంది. అవి తాగి ఆ పిల్ల తన పొట్టే పట్టుకుని కూర్చుంటుంది. ఆ ఉబ్బరం ఆమెది. లాక్టోజ్ లెక్కన చూస్తే బిడ్డ ఏడుపుకి దానితో సంబంధం లేదు.

ఇక తెనాలి నుంచి వచ్చిన వాళ్ళమ్మగారు కూతురి కంచంలోంచి పప్పు తీసేశారు, వంకాయ తీసేశారు, చలువ చేస్తుందని పెరుగూ తీసేశారు. మంచినీళ్ళు కూడా కొలిచి ఇస్తున్నారు. మిగిలింది పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. "మనమంతా ఇలాగే గట్టెక్కాం కదండీ వదినగారూ" అన్నారు నాతో. బాలింత పథ్యం మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్త కాదు. మొదటి ఆరు నెలలూ పాలిచ్చే తల్లికి రోజుకి ఇంకో 600 కిలో క్యాలరీలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంటే, మనం ఉన్న కూరలే లాగేస్తున్నాం.

పథ్యాల్ని ఎంత తిట్టినా, మా నాయనమ్మ దగ్గరున్న ఒక విద్యని మాత్రం నేను వదులుకోను. ఊళ్ళో ఏ ఇంట్లో పసిబిడ్డ గుక్కపట్టినా ఆవిడకి కబురొచ్చేది. వెళ్ళగానే మొలగుడ్డ తెమ్మనేది. వెలుతురులోకి తీసుకెళ్ళి విప్పి చూసేది. పసుపుగా ఉందా, పచ్చగా నురగ కట్టిందా, బంక ఉందా, నెత్తురుందా. ఆ తర్వాత అరచెయ్యి పొట్ట మీద ఆనించి మెత్తగా ఉందో బిగుసుకుందో చూసేది. మోకాళ్ళు పొట్టలోకి ముడుస్తున్నాడేమో గమనించేది. చివరికి తల్లిని ఎదురుగా కూర్చోబెట్టి పాలిప్పించేది. బిడ్డ ఆత్రంగా గాలి మింగుతున్నాడా, తల్లి మాటిమాటికీ పక్క మారుస్తోందా అని కళ్ళప్పగించి చూసేది. "ఒక పక్క ఖాళీ అవనీవే, ఆ తర్వాత రెండోది" అని కసిరేది.

ఆవిడకి ఆ మాట ఎవరు నేర్పారో తెలియదు. 1988లో మైకేల్ వూల్‌రిడ్జ్, క్లోయీ ఫిషర్ లాన్సెట్ పత్రికలో రాసింది అదే. ఒక పక్క పూర్తిగా తాగకముందే మార్చేస్తే కొవ్వు తక్కువున్న పాలతోనే పొట్ట నిండుతుంది. అవి పేగుల్లోకి తొందరగా జారిపోతాయి, లాక్టోజ్ అరిగే వ్యవధి ఉండదు, గ్యాసూ పచ్చటి నురగ విరేచనమూ అందుకే. మన దగ్గర ఈ చూపు ఇంకా పాతది. నేపాల్ రాజగురువు హేమరాజ్ శర్మ దగ్గర దొరికిన ప్రతి నుంచి 1938లో అచ్చయిన కాశ్యప సంహితలో వేదనాధ్యాయం ఉంది. మాట రాని బిడ్డకి ఎక్కడ నొప్పో చూసి పట్టుకోవడమెలాగో చెప్పే అధ్యాయం అది. కడుపునొప్పి ఉన్న బిడ్డ రొమ్ము తోసేస్తాడు, వెల్లకిలా పడి ఏడుస్తాడు, పొట్ట బిగుస్తుంది, ముఖాన చెమట పడుతుంది అంటుంది.

అన్నీ చూసి ఏమీ దొరక్కపోతే నాయనమ్మ బిడ్డని భుజాన వేసుకుని "మూడో నెల దాటితే మానేస్తాడు" అనేది. డాక్టర్లు కోలిక్ అనేది దీన్నే. రోజుకి మూడు గంటలకి మించి, వారానికి మూడు రోజులకి మించి, మూడు వారాలకి మించి ఏడుపు అని 1954లో మోరిస్ వెసెల్ అనే అమెరికన్ పిల్లల వైద్యుడు దానికి కొలత పెట్టాడు. ఆరో వారం ప్రాంతంలో అది ముదిరి, మూడు నాలుగు నెలలకి దానంతట అదే సర్దుకుంటుంది. అయితే నాయనమ్మ వస అరగదీసి నాకించడాన్ని, ఉగ్గుగిన్నెతో ఆముదం పట్టడాన్ని నేను సమర్థించను. వసని ఆహారంలో వాడకుండా అమెరికా 1968లోనే నిషేధించింది. ఆరు నెలల దాకా బిడ్డ నోట్లో తల్లిపాలు, డాక్టరు రాసిన మందు తప్ప ఇంకేమీ పడకూడదు.

ఇక్కడిదాకా వచ్చాక, ఆ పిల్ల కంచం జోలికి ఎవరూ పోవద్దని రాయాలనుకున్నాను. మొన్న నాయనమ్మ పద్ధతిలోనే డైపర్ విప్పి కిటికీ దగ్గర చూశాం. బంక, అందులో సన్నటి నెత్తురు చారలు. బిడ్డ హుషారుగానే ఉన్నాడు, బరువూ పెరుగుతున్నాడు. పిల్లల డాక్టరు చూసి, తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపొద్దని, తల్లి మాత్రం పాలు మానాలని చెప్పారు.

రెండో సంగతి ఇదే, ఆవుపాలలోని మాంసకృత్తు. బీటా లాక్టోగ్లోబ్యులిన్ మనిషి పాలలో సహజంగా ఉండదు. తల్లి తాగిన ఆవుపాల నుంచి రవ్వంత ఆమె పాలలోకి చేరుతుంది, కొందరు బిడ్డల పేగు దాన్ని ఒప్పుకోదు. తల్లులు ఆవుపాలు మానితే కొందరు పిల్లల కోలిక్ తగ్గిందని స్వీడన్ నుంచి యాకబ్సన్, లిండ్‌బర్గ్ 1978లో రాశారు. తల్లిపాలే తాగే పిల్లల్లో ఈ అలర్జీ వెయ్యికి ఐదుగురికి అటూ ఇటూ. గేదెపాలకీ మేకపాలకీ మారినా లాభం లేదు, వాటి మాంసకృత్తులూ అదే కోవలోవి.

పథ్యం అంటే మండిపడే నేనే ఇప్పుడు ఆ పిల్లని పెరుగు మానమంటున్నాను. పనీర్, పాల టీ, పాలపొడి కలిపిన బిస్కెట్లు, పంజీరీలో నెయ్యితో సహా మానమంటున్నాను. పప్పు, వంకాయ, కావలసినన్ని మంచినీళ్ళు మాత్రం తిరిగొచ్చాయి. కాల్షియానికి రాగి జావ, నువ్వుల పొడి, డాక్టరు రాసిన మాత్ర. తీసేసింది ఒక్కటే, దానికీ గడువుంది. రెండు నుంచి నాలుగు వారాలు, అంతే. తర్వాత పాలు మళ్ళీ మొదలుపెట్టి చూడాలి. బిడ్డ కుదుటపడ్డాక ఈ పని చేయడానికి ఎవరికీ మనసొప్పదు, తల్లి ఏడాదంతా పాలూ పెరుగూ లేకుండా గడిపేస్తుంది. కానీ రెండు మూడు నెలల వయసంటే కోలిక్ కూడా తనంతట తాను తగ్గే వయసు. తగ్గింది పథ్యం వల్లో వయసు వల్లో పాలు మళ్ళీ తాగితేగానీ తేలదు. నెత్తురు మళ్ళీ కనిపిస్తే అలర్జీ నిజమే. అప్పుడు బిడ్డకి ఏడాది వచ్చేదాకా డాక్టరు చెప్పినట్టు నడవాలి, చాలామంది పిల్లలకి ఆ పాటికి అది పోతుంది. కనిపించకపోతే ఆ పూట నుంచే ఆమెకి పెరుగన్నం పెట్టొచ్చు.

ఇదంతా హుషారుగా ఉన్న బిడ్డ సంగతి. ఆకుపచ్చటి వాంతి, మూడు నెలలలోపు జ్వరం, పాలు తాగకుండా మగతగా పడి ఉండటం, పొట్ట గట్టిగా ఉబ్బడం, నెత్తురు ఎక్కువ పోవడం, వీటిలో ఏది కనిపించినా వారాల లెక్కలు పక్కనపెట్టి అదే రాత్రి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. లాహోర్‌లో 1921లో మొదలై, 1954లో ఇక్కడ మళ్ళీ తలుపులు తెరిచిన సర్ గంగారామ్ ఆస్పత్రి ఈ పేటలోనే ఉంది.