శతగ్రంథకర్తృత్వము

గ్రంథకర్తలకు జరుగు సన్మానసభలలో మొదట వినవచ్చునది వారు వ్రాసిన గ్రంథముల సంఖ్య. అందులో నేది చదువఁదగినదో చెప్పువా రరుదు. 'శతాధిక గ్రంథకర్త' యను బిరుదము మన సాహిత్యమునకుఁ జేయుచున్న యపకారమును గూర్చి యొకింత విచారింపఁ దలఁచితిమి.

ఈ బిరుదమునకు వీరేశలింగము పంతులుగారిని సాక్షిగాఁ బిలుచుట పరిపాటి. పంతులుగారు నూఱింటికిఁ బైగా గ్రంథములు రచించిన మాట నిజమే. కాని యానాఁడు తెలుఁగు వచనమునకు లేని వెన్ని! నవల, ప్రహసనము, కవుల చరిత్రము, స్త్రీలు చదువుకొనఁదగిన పుస్తకము, ఇన్నింటికి నొక్క చేయి పూనవలసివచ్చెను. 1874లో వివేకవర్ధనిని నెలకొల్పి, 1881లో రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించినవారి కలమునకుఁ దీఱిక యెక్కడిది? అక్కఱయే వారి గ్రంథములను పెంచినది. ఆ యక్కఱను విడిచి సంఖ్యను మాత్రము వారసత్వముగాఁ గొన్నవారిని జూచియే మా చింత.

గురజాడ అప్పారావుగారి మార్గము వేఱు. కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపఁబడి, 1897లో అచ్చయ్యెను. మఱియొకరైనచో ఆ మెప్పును బట్టుకొని యింక నాలుగు నాటకములు వ్రాసియుందురు. అప్పారావుగారు మరల దానినే చేతఁబట్టి, యించుమించు క్రొత్తగ్రంథ మనఁదగునట్లు తిరుగవ్రాసి 1909లో ప్రకటించిరి. మన మెఱిఁగిన మధురవాణి, తన తెలివితోను దయతోను పరిహాసముతోను, నిండుగా రూపొందినది ఈ రెండవ కూర్పుననే. సంఘము వెలివేసిన యా వేశ్య పురుషవేషమున వచ్చి, పరమ నీతిపరుఁడగు సౌజన్యారావు పంతులుగారి ధర్మమునే ప్రశ్నించు ఘట్టమును చదివినవారికి, సంస్కర్తను సైతము సంస్కరింపవలసిన చోటు గలదని తోఁపక మానదు. పండ్రెండేండ్లు పట్టినదని దాని నెవరు నిందింతురు?

ఇక్కడ నొక్కటి గమనింపవలెను. రెండవ కూర్పు మొదటిదానికంటెఁ జాల పెద్దది. కావున గుణమనఁగా క్లుప్తత యని భ్రమింపరాదు. నన్నయ రచించినది రెండున్నర పర్వములు, తిక్కన పదునైదు. పర్వముల లెక్కతో వీరి యెచ్చుతగ్గులు తేల్పఁబూనువాఁడు మంచి గుమాస్తా కావచ్చును.

ఈ వ్యాధి సభలతోనే నిలువలేదు. పరీక్షలో అదనపు కాగితము లెన్ని తీసికొంటి వని తండ్రులు బిడ్డల నడుగుచున్నారు. ఏమి వ్రాసితి వని యడుగరు. పుటలు నింపుట బాల్యముననే నేర్చినవాఁడు పెద్దయై గ్రంథములు నింపుటలో వింత లేదు.

కావున సభానిర్వాహకులకు మా మనవి యొకటి: గ్రంథపట్టికకు మాఱుగా సన్మానితుని యొక్క గ్రంథమునుండి రెండు పుటలు చదివి వినిపింపుఁడు. అట్టి పుటలు వెదకుటకు వ్యవధి చాలనిచో, సభను మఱొక నెలకు వాయిదా వేసినను మాకు నభ్యంతరము లేదు.